పేదల ఇల్లు ఊరికి దూరం కారాదు

అద్దెకుండే పేద కుటుంబం రోడ్డున పడటానికి పెద్ద ఉపద్రవమేమీ అక్కర్లేదు. ఇంటిపెద్ద జబ్బుపడి నాలుగు వారాలు పనికి పోలేకపోయినా, ఇంటి యజమాని ఉన్నట్టుండి అద్దె పెంచినా, పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతామంటూ నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నా చాలు. కొత్త ఇంటికి అడ్వాన్సు పుట్టదు, పాత ఇంటి బాకీ తీరదు. ముందు బంధువుల ఇంట్లో ఒక మూల, ఆ తర్వాత పని జరిగే చోటే రేకుల షెడ్డు, చివరికి ఫుట్‌పాత్. ఈ క్రమంలో చివరి మెట్టు మీద ఉన్నవారినే మన లెక్కలు ‘ఇల్లు లేనివారు’ అంటున్నాయి. 2011 జనగణన ప్రకారం దేశంలో అలాంటివారు సుమారు 17.7 లక్షల మంది. అంతకు ముందు మెట్ల మీద ఎందరున్నారో తెలుసుకోవాలంటే, పట్టణ ఇళ్ల కొరతపై కేంద్రం నియమించిన సాంకేతిక బృందం 2012లో ఇచ్చిన అంచనా చూడాలి. ఆ బృందం లెక్కన పట్టణాల్లో కొరత 1.87 కోట్ల ఇళ్లు. అందులో పూర్తిగా గూడు లేని కుటుంబాల వాటా 5.3 లక్షలే కాగా, ఇరుకు ఇళ్లలో కిక్కిరిసి బతుకుతున్నందున వేరే ఇల్లు అవసరమైన కుటుంబాలు దాదాపు కోటిన్నర. మొత్తం కొరతలో 95 శాతానికి పైగా ఆర్థికంగా బలహీన, అల్పాదాయ వర్గాలదే.

మన గృహనిర్మాణ విధానం పట్టించుకోవలసింది ముందుగా ఈ కోటిన్నర కుటుంబాలను. వీరు ఇంకా రోడ్డున పడలేదు, కానీ పడటానికి ఎంతో కాలం పట్టదు. పడకముందే ఆదుకుంటే ప్రభుత్వానికి అయ్యే ఖర్చూ తక్కువ, ఆ కుటుంబానికి తప్పే నష్టమూ ఎక్కువ. పిల్లల చదువు మధ్యలో ఆగదు, రేషన్ కార్డు చిరునామా మారదు, రోజూ పనికి పిలిచే మేస్త్రీతో సంబంధం తెగదు. ఇందుకు తగినవి ఊరి మధ్యనే చిన్నచిన్న జాగాల్లో ఉమ్మడి గోడలతో కట్టే ఒకటి, రెండు అంతస్తుల వరుస ఇళ్ల కాలనీలని మా దృఢమైన అభిప్రాయం. గత పదేళ్లలో తెలుగు రాష్ట్రాలు రెండూ పేదల ఇళ్ల కోసం వేల కోట్లు వెచ్చించినా, ఒక రాష్ట్రం ఆకాశానికేసి, మరొకటి ఊరి పొలిమేరకేసి చూశాయి.

తెలంగాణలో 2015లో మొదలైన రెండు పడకగదుల ఇళ్ల పథకం ఉద్దేశాన్ని మేము ఎన్నడూ తక్కువ చేయలేదు. లబ్ధిదారు ఒక్క రూపాయి పెట్టకుండా 560 చదరపు అడుగుల ఇల్లు ఇవ్వడం అప్పటిదాకా ఏ ప్రభుత్వమూ తలపెట్టని పని. మొదట సికింద్రాబాద్‌లోని ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్లు కట్టినప్పుడు, ఎక్కడి బస్తీ వాసులకు అక్కడే ఇళ్లు దక్కాయి. ఆ దారిలోనే ముందుకు సాగి ఉంటే కథ వేరుగా ఉండేది. నగరంలో లక్ష ఇళ్ల లక్ష్యం ముందుకొచ్చేసరికి జాగాల వేట శివార్లకు పోయింది. 2023 జూన్‌లో ప్రారంభమైన కొల్లూరు సముదాయంలో 117 బ్లాకుల్లో 15,660 ఇళ్లున్నాయి. కట్టడం గట్టిదే, గదులు విశాలమైనవే. కానీ మలక్‌పేటలోనో చాంద్రాయణగుట్టలోనో పాచిపని చేసుకుని బతికే మహిళకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న ఆ ఇల్లు ముప్పై కిలోమీటర్లకు పైగా దూరం. ఉదయం ఆరింటికల్లా నాలుగిళ్లలో అంట్లు తోమవలసిన మనిషి ఆ దూరాన్ని ఏ బస్సులో, ఎన్ని గంటలకు బయలుదేరి దాటాలి?

దూరానికి ఎత్తు తోడైతే కష్టం రెట్టింపవుతుంది. తోపుడుబండి మీద పండ్లమ్మే కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. బస్తీలో బండి రాత్రిపూట గుమ్మం ముందే ఉంటుంది, గొలుసు వేసి కిటికీ ఊచకు కడతారు. మిగిలిన కాయలు ఇంట్లోనే గంపలో తడిగుడ్డ కింద ఉంటాయి. అరుగు మీద కూర్చున్న అత్త మనవడిని కనిపెట్టుకుంటూనే, దారిన పోయేవారికి ఓ డజను అరటిపళ్లు అమ్ముతుంది. అదే కుటుంబం ఎనిమిదో అంతస్తుకు మారితే బండిని ఎక్కడ పెట్టాలో తెలియదు, గంప లిఫ్టులో పట్టదు, ముసలామె కిందికి దిగడం మానేస్తుంది. లిఫ్టు చెడిపోతే బాగు చేయించడానికి, మోటారు కాలిపోతే మార్పించడానికి నెలనెలా వసూలు చేయవలసిన నిర్వహణ రుసుము రోజుకూలీ కుటుంబానికి కొత్త అద్దె అవుతుంది. అది కట్టలేని ఇళ్లు పెరిగేకొద్దీ లిఫ్టు ఆగి ఉండే రోజులూ పెరుగుతాయి. ఇల్లు ఉచితంగా వచ్చినా అందులో బతకడం ఉచితం కాదన్న సంగతి పథకం గీసినవారికి తట్టకపోవడం విచారకరం.

ఆంధ్రప్రదేశ్ అనుభవం మరో రకం. అక్కడ పట్టణాల్లో ఇళ్లు కట్టే ప్రభుత్వ సంస్థ టిడ్కో కింద మూడంతస్తుల పైచిలుకు భవనాల్లో 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు తలపెట్టి, చివరికి 2.62 లక్షలకు పరిమితం చేశారు. గోడలు లేచినా తాగునీరు, డ్రైనేజీ, రోడ్లు లేక అవి ఏళ్లతరబడి తాళాలతో మిగిలాయి. ఇంట్లో అడుగు పెట్టకముందే బ్యాంకు వాయిదాల నోటీసులు అందుకున్న కుటుంబాల గోడు రాష్ట్రమంతా విన్నది. ఆ తర్వాత 2020 డిసెంబరులో మొదలైన ఇళ్లపట్టాల కార్యక్రమం నేల మీది ఇంటికి మళ్లింది. అది సరైన మలుపే. ముప్పై లక్షల పైచిలుకు పట్టాలిచ్చారు. అయితే పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో ఒకటిన్నర సెంటు చొప్పున ఇచ్చిన ఆ స్థలాలు చాలాచోట్ల ఊరికి దూరంగా పల్లపు భూముల్లో పడ్డాయి. వానొస్తే మునిగే లేఅవుట్‌లో లక్షా ఎనభై వేల రూపాయల సాయంతో ఇల్లు కట్టుకోమంటే పేదవాడు పునాది దగ్గరే ఆగిపోయాడు. ఇప్పటి ప్రభుత్వం పట్టణాల్లో రెండు, పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామంటోంది. స్థలం పెరగడం మంచిదే. కానీ ఊరికి పది కిలోమీటర్ల అవతల రెండు సెంట్లున్నా, కూలికి పోయేవాడికి ఒక సెంటుకున్న కష్టమే ఉంటుంది. ఇల్లు పొట్టిదైనంత మాత్రాన సరిపోదు, అది పని దొరికే చోట ఉండాలి.

ఇది మనకు కొత్త విద్య కాదు. 1908 మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేసిన తర్వాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు, ఇరుకు వాడలను తొలగించినచోట పేదలకు గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టించింది. ఆ బాధ్యతే తరువాతి కాలంలో హౌసింగ్ బోర్డుకు సంక్రమించింది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో అల్పాదాయ వర్గాల కోసం కట్టిన ఇళ్ల వీధుల్లో ఇవాళ నడిచి చూడండి. చిన్న గదులుగా మొదలైన ఇల్లు, కొడుకు ఉద్యోగంలో చేరాక పైకి ఒక అంతస్తు వేసుకుంది. ముందు గది కిరాణా కొట్టయింది. మేడమీది వాటా అద్దెకిచ్చి కూతురి పెళ్లి చేశారు. ప్రభుత్వం ఇచ్చింది పెరగగలిగే ఇల్లు గనుకనే ఆ కుటుంబాలు దానితోపాటే ఎదిగాయి. పదో అంతస్తులోని ఫ్లాటు అలా ఒక్క అడుగు కూడా పెరగదు.

బయట కూడా ఇదే రుజువైంది. ఇండోర్‌లో బాలకృష్ణ దోషి రూపకల్పన చేసిన అరణ్య కాలనీలో అత్యంత పేద కుటుంబాలకు పూర్తి ఇల్లు కాక పునాది, మరుగుదొడ్డి, నీటి కనెక్షన్ ఉన్న చిన్న స్థలం ఇచ్చి, మిగిలింది వారి స్తోమతను బట్టి కట్టుకోనిచ్చారు. దానికి ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం దక్కింది. చిలీ దేశపు ఇకీకే పట్టణంలో ముప్పై ఏళ్లుగా నడిఊళ్లోని అర హెక్టారు జాగాను ఆక్రమించుకుని ఉన్న 93 కుటుంబాలను వెళ్లగొట్టకుండా, 2004లో అదే జాగాలో వరుస ఇళ్లు కట్టించారు. కుటుంబానికి దక్కిన సబ్సిడీ 7,500 డాలర్లే. భూమి ఖరీదు పోగా మిగిలిన డబ్బు సగం ఇంటికే సరిపోయింది. ఆ సగంలో వంటగది, స్నానాలగది, మెట్లు, గట్టి ఉమ్మడి గోడలు వంటి పేదవాడు సొంతంగా కట్టుకోలేనివి మాత్రం ప్రభుత్వం కట్టింది. తక్కిన సగం ఖాళీని వదిలేస్తే కుటుంబాలే నింపుకున్నాయి. ఊరి మధ్య సగం ఇల్లా, ఊరి బయట పూర్తి ఇల్లా అన్న ప్రశ్నకు ఆ కుటుంబాలు ఇచ్చిన సమాధానాన్ని మన అధికారులు శ్రద్ధగా చదవాలి.

ఇక్కడ సహజంగానే ఒక అభ్యంతరం వస్తుంది. నగరంలో భూమి బంగారమైనప్పుడు నేల మీది ఇళ్లకు జాగా ఎక్కడిదని అడుగుతారు. లెక్క వేసి చూద్దాం. ఎకరా అంటే 4,840 గజాలు. రోడ్లకు, చెట్లకు, అంగన్‌వాడీకి, నీళ్ల ట్యాంకుకు నూటికి నలభై అయిదు వంతులు వదిలేసినా 2,660 గజాలు మిగులుతాయి. యాభై గజాల చొప్పున 53 ఇళ్లు వస్తాయి. యాభై గజాల్లో ముందూ వెనకా వదిలి 350 చదరపు అడుగులు కట్టి, పైన మరో అంతస్తుకు తగిన పునాది వేస్తే, కుటుంబం క్రమంగా 700 చదరపు అడుగుల ఇల్లు సమకూర్చుకోగలదు. లేదా విడిగా మెట్లు పెట్టి పై అంతస్తును మరో కుటుంబానికి ఇస్తే ఎకరానికి వంద కుటుంబాలు దాటుతాయి. తొమ్మిదంతస్తుల భవనంలో ఇంతకంటే ఎక్కువ మంది పట్టే మాట నిజమే. కానీ లిఫ్టులు, జనరేటర్లు, అగ్నిమాపక ఏర్పాట్లు, వాటి నిర్వహణ లేకుండానే ఇన్ని కుటుంబాలకు నీడ దొరుకుతుంటే జాగా లేదనే మాటను మేము అంగీకరించలేము. పైగా నగరంలో వందలాది బస్తీలు ఇప్పటికే నేల మీద ఉన్నాయి. అక్కడ కొత్తగా జాగా కొననక్కర్లేదు. ఉన్న జాగాలోనే వీధులు సరిచేసి, డ్రైనేజీ వేసి, వరుసగా కట్టాలి.

హౌసింగ్ బోర్డు సొంత భూముల సంగతి కూడా అడగాలి. 2025లో కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ (కేపీహెచ్‌బీ) నాలుగో ఫేజ్‌లో 7.8 ఎకరాలను ఎకరా 70 కోట్ల రూపాయల చొప్పున వేలం వేసి 547 కోట్లు రాబట్టారు. అంత ఖరీదైన నేలలోనే పేదలకు ఇళ్లు కట్టాలని మేము పట్టుబట్టడం లేదు. సామాన్యులకు ఇళ్లు కట్టడానికి పుట్టిన సంస్థ తన భూమి అమ్మగా వచ్చిన డబ్బులో కనీసం నాలుగో వంతును, ఆ చుట్టుపక్కల అయిదారు కిలోమీటర్లలోని బస్తీల్లో వరుస ఇళ్లకు కేటాయించాలని మాత్రం గట్టిగా కోరుతున్నాం. వేలం వేసిన ఆ నేలలో లేచే భవంతుల్లో రేపు వంట చేసేవారు, కాపలా కాసేవారు, కార్లు తుడిచేవారు ఎక్కడో ఒకచోట నిద్రపోవాలి కదా.

తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైంది. సొంత స్థలం ఉన్నవారికి అయిదు లక్షల సాయం పల్లెల్లో బాగానే పనికొస్తోంది. నగరంలో స్థలమే లేని వారిని ‘ఎల్-2’ జాబితాలో పెట్టారు. రోడ్డున పడే ప్రమాదం అందరికంటే ఎక్కువగా ఉన్నది ఆ జాబితాలోని వారికే, ఎదురుచూపులూ వారికే మిగిలాయి. వీరందరికీ ఒకేసారి సొంతిల్లు ఇవ్వడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. అందుకే వరుస ఇళ్లలో కొంత భాగాన్ని ప్రభుత్వమే తన చేతిలో ఉంచుకుని, ఆదాయానికి తగిన అద్దెకు ఇవ్వాలి. అద్దె ఇళ్ల సముదాయాల ఆలోచన, కరోనా కాలంలో వలసకూలీలు కాలినడకన ఊళ్లకు పోవడం దేశం చూశాక, 2020లో కేంద్రం చేసిందే. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశలోనూ అద్దె ఇళ్లకు చోటుంది. మన రాష్ట్రాలు ఆ తలుపు తట్టడానికి ఎందుకు వెనకాడుతున్నాయో అర్థం కాదు. బహుశా పట్టా పంచే సభకు వచ్చే జనం అద్దె రసీదు ఇచ్చే కార్యాలయానికి రారు కాబోలు. కానీ ఆపదలో ఉన్న కుటుంబానికి ముందు కావలసింది వచ్చే నెల తల దాచుకునే చోటు.

కాలనీ కట్టడంతోనే పని అయిపోదు. ఇల్లు మహిళ పేరిట ఉండాలి. నిర్ణీత కాలం వరకు అమ్మకానికి వీలుండకూడదు. నీళ్లు, కరెంటు, మురుగు కాలువలు పూర్తికానిదే ఒక్క తాళంచెవి కూడా ఇవ్వరాదు. ఇంటిపై ఇల్లు వేసుకునేందుకు బోర్డే సిద్ధం చేసిన నమూనా ప్లాను ఉచితంగా అందుబాటులో ఉంటే, పేదవాడు అనుమతి కోసం దళారి చుట్టూ తిరగనక్కర్లేదు.

మూసీ ఒడ్డున ఉన్న కుటుంబాల తరలింపు ఈ విధానానికి తొలి పరీక్ష కావాలి. 2024లో చాదర్‌ఘాట్ పరిసరాల బస్తీల నుంచి కొందరిని దగ్గరలోని మలక్‌పేట పిల్లిగుడిసెల సముదాయానికి తరలించారు. ఇంటి గోడ మారినా బడి, పని, పరిచయాలు మారకపోవడమే ఆ ఏర్పాటులోని మేలు. మిగిలిన కుటుంబాలకూ అదే దక్కాలంటే, కూల్చివేత నోటీసుకు ముందే మూడు కిలోమీటర్ల లోపు జాగా చూపాలి. ఒక్కో వార్డులో ఎకరాకు లోపున్న ప్రభుత్వ జాగాలు ఎన్ని ఉన్నాయో, ఎవరి అధీనంలో ఉన్నాయో జీహెచ్ఎంసీ, రెవెన్యూ శాఖ, హౌసింగ్ బోర్డు కలిసి మూడు నెలల్లో జాబితా ప్రకటించాలి. ఆ జాబితా బయటికి వచ్చేదాకా మూసీ ఒడ్డున మరో గోడ పడగొట్టరాదు, బోర్డు భూమి మరో ఎకరా వేలానికి పెట్టరాదు.