ఆ తనిఖీ అధికారిని ఎందుకు తీసేశారో ముందు చెప్పండి

మా కుటుంబం గ్రూపులో మా బావమరిది నెలకోసారైనా అదే వీడియో పెడతాడు. "చూశావా బావా, యూఎస్‌ఎయిడ్ అంటే దొంగల ముఠా. మూసేసి మంచి పని చేశారు" అంటాడు. యూఎస్‌ఎయిడ్ అంటే అమెరికా ప్రభుత్వం తరఫున బయటి దేశాలకు సాయం అందించిన సంస్థ, దాన్ని 2025లో ట్రంప్ ప్రభుత్వం మూసేసింది. ఫోన్లో ఎంత మాట్లాడుకున్నా తెగడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అక్కడ అవినీతి లేదని నేను అనను. పద్దెనిమిదేళ్లు ఒక సివిల్ కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసినవాణ్ణి. ఎం.బుక్‌లో, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో, ఒక కొలత, నేల మీద ఇంకో కొలత ఎలా ఉంటాయో, సబ్ కాంట్రాక్టు పేరుతో పర్సెంటేజీ ఎలా చేతులు మారుతుందో దగ్గర్నుంచి చూశాను. అందుకే 2025 జూన్‌లో బయటికొచ్చిన కేసు నాకు కొత్తగా అనిపించలేదు. యూఎస్‌ఎయిడ్‌లో కాంట్రాక్టులు చూసే ఒక అధికారి 2013 నుంచి ఏళ్ల తరబడి లంచాలు తీసుకుని, 55 కోట్ల డాలర్లకు పైగా విలువైన పనులు రెండు కంపెనీలకు దక్కేలా చేశాడు. నగదు, ల్యాప్‌టాప్‌లు, బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లు, క్లబ్బులో పెళ్లి ఖర్చు, ఇళ్లకు డౌన్‌పేమెంట్లు, చుట్టాలకు ఉద్యోగాలు... ఇవీ ముట్టినవి. డబ్బు చాలాసార్లు సబ్ కాంట్రాక్టరు చేతుల మీదుగా వెళ్లింది. వెనకబడిన వర్గాల చిన్న కంపెనీలకు ఓపెన్ టెండర్ లేకుండా పనులిచ్చే వెసులుబాటు ఒకటుంది, దాన్ని అడ్డం పెట్టుకున్నారు. మన దగ్గర నామినేషన్ మీద పనులు కట్టబెట్టినట్టే. ఆ అధికారి, ముగ్గురు కంపెనీ పెద్దలు నేరం ఒప్పుకున్నారు. కంపెనీలు మాత్రం కోట్ల డాలర్ల జరిమానా కట్టే స్తోమత లేదని చెప్పి, ఒకటి 5 లక్షల డాలర్లకు, ఇంకొకటి లక్ష డాలర్లకు సెటిల్ చేసుకున్నాయి. అది చదివితే కడుపు మండింది నాకు.

మా బావమరిది కూడా ఈ కేసే చూపిస్తాడు. అయితే దీన్ని దర్యాప్తు చేసిందెవరు? టీవీలో అరిచినవాళ్లు కాదు. యూఎస్‌ఎయిడ్ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం, అంటే ఆ సంస్థ మీద నిఘా పెట్టడానికే ఉన్న తనిఖీ విభాగం.

తనిఖీ అంటే ఏమిటో నేను ఒకసారి కళ్లారా చూశాను. మేం వేసిన ఒక సీసీ రోడ్డు మీదకి క్వాలిటీ కంట్రోల్ ఇంజనీరు వచ్చాడు. కోర్ కటింగ్ మెషీన్ పెట్టి రోడ్డులోంచి గుండ్రటి ముక్క తీయించాడు. కడిగించి, స్కేలు పెట్టాడు. ఆరంగుళాలు ఉండాల్సిన మందం నాలుగున్నర కూడా లేదు. మా యజమాని ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆయనకి ఎమ్మెల్యే అన్నా, పేపర్లో వార్త అన్నా లెక్కలేదు. ఆ స్కేలంటేనే భయం. ఆ ఇంజనీరు మూడు నెలలు తిరక్కుండానే బదిలీ అయిపోయాడు. బిల్లు పాసైంది. ఆ బిల్లు ఎంటర్ చేసింది నేనే.

ఇప్పుడు అమెరికాలో జరిగింది చూడండి. 2025 జనవరి 24న ట్రంప్ ప్రభుత్వం ఒక్క రాత్రిలో వేర్వేరు శాఖల్లో ఇలాంటి తనిఖీ చేసే పదిహేడు మంది దాకా ఇన్‌స్పెక్టర్ జనరళ్లను పీకేసింది. యూఎస్‌ఎయిడ్ ఇన్‌స్పెక్టర్ జనరల్ పాల్ మార్టిన్ అప్పటికి మిగిలాడు. ఫిబ్రవరి 10న ఆయన కార్యాలయం ఒక రిపోర్టు ఇచ్చింది. సాయం ఆపేసి సిబ్బందిని తగ్గించడంతో 48.9 కోట్ల డాలర్ల ఆహారం ఓడరేవుల్లో, గోదాముల్లో పాడైపోయే ప్రమాదం ఉందని చెప్పింది. సాయం ఉగ్రవాద ముఠాల చేతికి పోకుండా చూసే పని కూడా కుంటుపడిందని రాసింది. మర్నాడే ఆయన్ని తీసేశారు. కారణం చెప్పలేదు.

అదే ఫిబ్రవరి 10న ఇంకో సంతకం జరిగింది. విదేశీ అధికారులకు అమెరికా కంపెనీలు లంచాలు ఇవ్వకుండా 1977లో తెచ్చిన చట్టం ఉంది కదా, దాని అమలును 180 రోజులు ఆపమన్నారు. ఇది మనకు సంబంధం లేని చట్టం కాదు. గోవాలో జపాన్ సాయంతో చేపట్టిన నీటి పథకం కన్సల్టెన్సీ కోసం లంచాలిచ్చామని లూయీ బెర్గర్ అనే కంపెనీ 2015లో ఒప్పుకున్నది ఈ చట్టం కింద నడిచిన కేసులోనే. మన పిల్లలు వేల మంది పనిచేసే కాగ్నిజెంట్ సంగతీ ఉంది. చెన్నై క్యాంపస్ అనుమతి కోసం 20 లక్షల డాలర్ల లంచానికి ఒప్పుకున్నారని ఆ కంపెనీ మాజీ పెద్దలిద్దరి మీద ఆరోపణ. ఆ క్రిమినల్ కేసును 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వమే వదిలేసుకుంది.

అవినీతి మీద కోపమే నిజమైతే ఒకే వారంలో తనిఖీ అధికారినీ, లంచాల చట్టాన్నీ పక్కన పెడతారా? తప్పు చేసిన కాంట్రాక్టులు ఏరి పారేస్తే నేనే చప్పట్లు కొట్టేవాణ్ణి. మార్చికల్లా యూఎస్‌ఎయిడ్ పథకాల్లో 83 శాతం రద్దు చేశామన్నారు. ఆరు వారాల్లో వేల ఫైళ్లు ఎవరు చదివారు? ఒక పంచాయతీ పనుల ఫైళ్లు సరిచూడటానికే మాకు అంతకంటే ఎక్కువ పట్టేది.

ఆ దెబ్బ హైదరాబాద్‌కీ తగిలింది. నారాయణగూడలో 2021లో మిత్ర్ క్లినిక్ తెరిచారు, ట్రాన్స్‌జెండర్ల కోసం దేశంలోనే మొదటిది. డాక్టరు దగ్గర్నుంచి కౌన్సెలర్ దాకా ఆ సమాజం వాళ్లే పనిచేసేవాళ్లు. వేరే ఆసుపత్రిలో లైన్లో నిలబడితే చూపులూ నవ్వులూ భరించాల్సిన మనుషులు, అక్కడ తల ఎత్తుకుని హెచ్‌ఐవీ మందులు, హార్మోన్ సలహాలు తీసుకునేవాళ్లు. యూఎస్‌ఎయిడ్ డబ్బు ఆగింది, క్లినిక్ మూతపడింది. అక్కడ ఎవరైనా రూపాయి తిన్నారని నేను ఎక్కడా చదవలేదు. లంచాలిచ్చిన కంపెనీలేమో ఒకటి ఐదు లక్షలు, ఇంకొకటి లక్ష డాలర్లు కట్టి వెళ్లిపోయాయి. తర్వాత టాటా ట్రస్టుల సాయంతో ఇంకో పేరుతో మళ్లీ తెరిచారని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను.

మా బావమరిది ఇది చదువుతాడని తెలుసు. ఒరేయ్, ఆ వీడియో మళ్లీ పెట్టుకో, నాకేం అభ్యంతరం లేదు. దాని కిందే పాల్ మార్టిన్‌ను ఎందుకు తీసేశారో కూడా రాయి.