ప్రణాళిక రెడీ, ఇక విపత్తుదే ఆలస్యం

మా జాతీయ విపత్తు నిర్వహణ ప్రణాళిక అచ్చయి వచ్చింది. రెండు సంపుటాలు, గట్టి అట్ట, అట్ట మీద బంగారు అక్షరాలు. ఒంటిచేత్తో ఎత్తడం కష్టం. ముసాయిదా కమిటీలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ నాలుగు మాటలు కాస్త గర్వంగానే రాస్తున్నాను. ఇంతకీ ఏ దేశం అంటారా? పేరొక్కటి మారిస్తే ఏ దేశానికైనా సరిపోయేలా రాశాం. దాచడమెందుకు, మేమూ అలా పేరు మార్చి తెచ్చుకున్నదే. ఆ హడావుడిలో ఒక అధ్యాయం తీసెయ్యడం మరిచిపోయాం. అందుకే చుట్టూ ఎక్కడా సముద్రమన్నది లేని మా దేశానికి సునామీని ఎదుర్కొనే పథకం నలభై పేజీలుంది. సునామీ వస్తే మాత్రం మమ్మల్ని ఎవరూ వేలెత్తి చూపలేరు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నారని మమ్మల్ని వెక్కిరించేవాళ్లున్నారు. పాపం, వాళ్లకి ఫైలు నడక తెలియదు. చేతులు కాలకముందే ఆకులు కొంటామంటే ఆడిట్ వాళ్లు ఊరుకుంటారా? కాలిన చేతుల ఫొటోలు జతచేస్తే తప్ప ఆకుల టెండరు కదలదు. పైగా ఇందులో తప్పంతా మాదేనా? ఆండ్రూ హీలీ, నీల్ మల్హోత్రా అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా ఓటర్లను పరిశీలించి 2009లో ఒక సంగతి బయటపెట్టారు. విపత్తు వచ్చాక సాయం పంచిన పాలకులకు జనం ఓట్లు వేస్తున్నారట, రాకముందు జాగ్రత్త పడినవాళ్లను పట్టించుకోవడం లేదట. ముందుజాగ్రత్తకి పెట్టిన ఒక్క డాలరు ముందుముందు దాదాపు 15 డాలర్ల నష్టాన్ని తప్పిస్తుందని కూడా వాళ్లే లెక్క కట్టారు. తప్పిపోయిన నష్టానికి రిబ్బన్ కట్ చెయ్యడం ఎలాగో మాత్రం చెప్పలేదు. కూలని వంతెన మీదుగా హెలికాప్టర్‌లో ఏరియల్ సర్వే చేస్తే చూసేవాళ్లు ఏమనుకుంటారు?

అంతర్జాతీయంగా కూడా మాకు బలమైన ఆధారమే ఉంది. 1994లో యొకొహామాలో, 2005లో కోబెలో, 2015లో సెండాయ్‌లో ప్రపంచ దేశాలు సమావేశమై ముప్పు తగ్గిస్తామని మాటిచ్చాయి. మూడూ జపాన్ నగరాలే. మిగతావాళ్లం మాటివ్వడానికి అక్కడికి వెళ్లొస్తుంటాం. సెండాయ్‌లో ఏడు లక్ష్యాలు పెట్టుకున్నారు. మరణాలు తగ్గించడం, నష్టాలు తగ్గించడం, ఆసుపత్రులూ బడులూ కూలకుండా చూడటం లాంటి వాటికి 2030 దాకా గడువు. ప్రణాళిక రాసుకున్న దేశాల సంఖ్య పెంచే లక్ష్యానికి మాత్రం 2020 చాలన్నారు. ప్రాణం కాపాడటానికి పదిహేనేళ్లు, కాగితం రాయడానికి ఐదేళ్లు. ఏది చేతనవుతుందో పెద్దలకు తెలియదా!

ఆ 2020 ఎలా గడిచిందో మీకు గుర్తుండే ఉంటుంది. దానికి కొన్ని నెలల ముందే, 2019 అక్టోబరులో, మహమ్మారిని ఎదుర్కోవడానికి ఏ దేశం ఎంత సిద్ధంగా ఉందో లెక్కగట్టి ప్రపంచ ఆరోగ్య భద్రతా సూచీ ఒకటి విడుదలైంది. మొదటి ర్యాంకు అమెరికా, రెండోది బ్రిటన్. వైరస్ ఆ జాబితా చదవలేదు.

ఇక పటాల సంగతి. మా మొదటి సంపుటంలో ముప్పు ప్రాంతాల పటం చాలా అందంగా వచ్చింది. ముసాయిదాలో ఎర్ర రంగు కొంచెం ఎక్కువైతే భూముల ధరలు పడిపోతాయని అభ్యంతరాలొచ్చాయి. లేత గులాబీకి మార్చాం. ముప్పు అలాగే ఉంది, చూడటానికి మాత్రం హాయిగా ఉంది.

పటం ఉంటే చాలదా అనేవాళ్లు కొలంబియాలోని ఆర్మెరో పట్టణం గురించి తెలుసుకోవాలి. నెవాడో డెల్ రూయిజ్ అగ్నిపర్వతం పేలితే బురద ప్రవాహం ఎటు పోతుందో చూపే పటం 1985 అక్టోబరులోనే తయారైంది. ఆర్మెరో ఆ దారిలోనే ఉంది. 1845లోనూ అక్కడికి ఇలాంటి బురదే వచ్చి పేరుకుంది, పట్టణం కట్టింది దాని మీదే. నవంబరు 13 రాత్రి పర్వతం పేలింది. కొండ మీది మంచు కరిగి, బురదై, లోయల వెంట దిగి ఆర్మెరోకి చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. దగ్గర్లోని ఎత్తైన చోటికి నడిచిపోవడానికి చాలినంత సమయమే. లేవండి, నడవండి అని సమయానికి గట్టిగా చెప్పినవాళ్లు లేరు. మొత్తం 23 వేల మంది పోయారు. పటం మాత్రం తప్పు కాదు. బురద దాదాపు అది గీసిన చోటికే వచ్చింది.

మా కమిటీకి నిజంగా ఇబ్బంది కలిగించేది బంగ్లాదేశ్. 1970 భోలా తుఫానులో అక్కడ కనీసం 3 లక్షల మంది చనిపోయారు. తర్వాత వాళ్లు ఏం చేశారయ్యా అంటే, ఊళ్లలో వాలంటీర్లను తయారు చేసి చేతికి మెగాఫోన్లు, సైరన్లు, జెండాలు ఇచ్చారు. గట్టి షెల్టర్లు కట్టారు. ఒక్కరోజులో అయిన పని కాదు. 1991లో మళ్లీ లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. షెల్టర్లు పెంచారు, వాలంటీర్లను పెంచారు, ఇప్పుడు 70 వేలకు పైనే ఉన్నారు. 2007 సిడర్ తుఫానులో మృతుల సంఖ్య వేలకు దిగింది, 2020 అంఫాన్ నాటికి పదుల్లోకి వచ్చింది. ఇందులో మాకు నచ్చనిది ఒక్కటే. మెగాఫోన్ పట్టుకుని ఇంటింటికీ తిరిగే మనిషిని పవర్‌పాయింట్‌లో ఎక్కడ పెట్టాలి? మా సంస్థాగత నిర్మాణం బొమ్మలో ఇరవై మూడు పెట్టెలున్నాయి, వాటి మధ్య బాణాలున్నాయి. కింద కుడివైపు మూలన చిన్న పెట్టెలో ‘సమాజం’ అని రాసి ఉంది. ఆ పెట్టెకి బాణం వెయ్యడం మరిచిపోయాం.

రిహార్సల్స్ చెయ్యరా అంటారేమో. ఎందుకు చెయ్యం? 2004 జులైలో అమెరికా అధికారులు పామ్ అనే ఊహా తుఫానుతో న్యూ ఆర్లీన్స్‌ను ముంచి, ఐదు రోజులు కసరత్తు చేశారు. తర్వాతి సమావేశాలకు డబ్బుల్లేక కొన్ని వాయిదా పడ్డాయి. పదమూడు నెలలకు అదే ఊరి మీదికి నిజం తుఫాను కత్రీనా వచ్చింది. దానికి వాయిదా పద్ధతి తెలియదు.

మా మాక్ డ్రిల్ అంతకంటే పకడ్బందీగా జరుగుతుంది. ఆకస్మిక వరదకి పదిహేను రోజుల ముందే సర్క్యులర్ వెళుతుంది. పోయినసారి ఉదయం పదిన్నరకు వరద రావాలి, ముఖ్య అతిథి ఆలస్యం కావడంతో పన్నెండింటికి రప్పించాం. మృతుల వేషం వేసిన ఆరుగురి చేత మధ్యాహ్నం హాజరు పట్టీలో సంతకాలు పెట్టించాం. ఒకాయన సంతకం మరిచిపోయి వెళ్లిపోతే, ఆయన మృతి నేటికీ రికార్డులకెక్కలేదు.

అన్నిటికన్నా బాగా పనిచేస్తున్నది సమాచార వ్యవస్థ. అనుబంధం 7లో మొదటి ఫోన్ నంబరున్న పెద్దాయన రిటైరై తొమ్మిదేళ్లయింది. జాబితా మార్చాలంటే మూడు శాఖలు ఒప్పుకోవాలి, అందుకని అలాగే ఉంచాం. ఆయన మంచివాడు. డ్రిల్ రోజున ఫోన్ చేస్తే విసుక్కోకుండా ఎత్తి, “సమాచారం అందింది సార్” అంటాడు. మేము టిక్ పెట్టుకుంటాం. స్పందన సమయం పన్నెండు సెకన్లని నివేదికలో రాశాం కూడా.

మొన్నటి డ్రిల్‌లో మాత్రం ఫోన్ ఆయన మనవరాలు ఎత్తింది. “వరద ప్రమాద హెచ్చరిక, స్థాయి మూడు” అని నేను నిబంధన ప్రకారం చదివాను. అటువైపు కాసేపు మాట లేదు.

“తాతయ్య ఇంట్లో లేరు అంకుల్. నీళ్లొస్తున్నాయని ఎవరైనా ఫోన్ చేస్తే పక్కింటి మామ్మని కూడా తీసుకుని బడి మేడ మీదికి వెళ్లిపోమని చెప్పారు. వెళ్లమంటారా?”

రెండు సంపుటాలూ మళ్లీ తిరగేశాను. ఎటు వెళ్లాలో, ఎవరిని వెంట తీసుకెళ్లాలో చెప్పే వాక్యం ఒక్కటీ దొరకలేదు. ఆ అమ్మాయి మాటను తదుపరి సవరణలో చేర్చాలని నోట్ పెట్టాను. పరిశీలనలో ఉంది.