పెళ్లి గుర్రం బండిని ఆపేవాళ్లే లేరా?

ముహూర్తాలు మొదలయ్యాయి. రాత్రి పది దాటాక వరంగల్ హంటర్ రోడ్డు మీదో, హన్మకొండ నుంచి కరీంనగర్ పోయే దారిలోనో, కాజీపేట దాటి జనగామ వైపు హైవే మీదో కాసేపు నిలబడి చూడండి. బారాత్ ముగిసిన గుర్రాన్ని టాటా ఏస్ లాంటి చిన్న ట్రాలీలో ఎక్కించి, మూతిని పక్క కమ్మీకి తాడుతో బిగించి, అరవై డెబ్బై స్పీడులో తోలుకుపోతుంటారు. కాళ్ల కింద తడిసిన రేకు, వెనక సగం ఎత్తు డోరు, పక్కనే బగ్గీ సామాను, కొన్నిసార్లు జనరేటర్ కూడా. ఇదంతా చాటుగా జరిగేది కాదు, పెట్రోలింగ్ వాహనాల ముందు నుంచే పోతున్నాయి. ఎవరైనా ఆపితే డ్రైవర్ నోట ఒకటే మాట, "పెళ్లి బండి సార్." వదిలేస్తారు.

ఆ వదిలేయడం మీదే మా కోపం.

చట్టం లేదని ఎవరూ తప్పించుకోలేరు. 1978 నాటి జంతు రవాణా నిబంధనల్లో గుర్రాల జాతికి విడిగా ఒక అధ్యాయమే ఉంది. బండి నేల జారకూడదు. గుర్రానికీ గుర్రానికీ మధ్య కనీసం 8 సెంటీమీటర్ల మందం ఉన్న వెదురు బొంగు, వెనక్కి పడకుండా రెండు గట్టి అడ్డకర్రలు ఉండాలి. పక్కనుంచి దూసుకుపోయే వాహనాలకు బెదరకుండా తల ఎడమవైపు ఉండేలా నిలబెట్టాలి. వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటకూడదు. పశువైద్యుడి సర్టిఫికెట్ వెంట ఉండాలి. ఇవి చాలవన్నట్టు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 125-ఇ చేర్చి, 2016 నుంచి ఒక్కో గుర్రానికి 2.25 చదరపు మీటర్ల చోటు, చుట్టూ అడ్డు కట్టి విడిగా ఉండాలన్నారు, పశువులను మోసే బండిలో వేరే సరుకు వేయొద్దన్నారు. మన రోడ్ల మీద తిరిగే పెళ్లి బండ్లలో ఇందులో ఒక్కటైనా కనిపిస్తే చెప్పండి.

ఈ నిబంధనలు ఎందుకు పెట్టారో అర్థం కావాలంటే బండి కింద నుంచి మొదలుపెట్టాలి. గుర్రం బరువు 400 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. చిన్న ట్రాలీ మోయగలిగేది ముప్పావు టన్ను దరిదాపుల్లో, అంటే రెండు గుర్రాలు ఎక్కితేనే ఓవర్‌లోడ్. పైగా ఇది కదలకుండా పడి ఉండే బరువు కాదు, బ్రేకు వేసిన ప్రతిసారీ ముందుకు, మలుపు తిరిగిన ప్రతిసారీ పక్కకు తూలుతుంది, నిలదొక్కుకోవడానికి కాళ్లు ఎడంగా పెట్టుకోవాలి, ఆ చోటే అక్కడ లేదు. మూత్రం పడీపడీ చెక్క కుళ్లిపోతుంది, ఇనుము తుప్పు పడుతుంది. పైన రబ్బరు మ్యాటో గోనెసంచో పరిచి ఉంటే కింద నేల ఎంత పల్చబడిందో ఎవరికీ తెలియదు. తెలిసేది కాలు దిగబడిన రోజే, అప్పటికి బండి నడుస్తూ ఉంటుంది. తలను పైకి బిగించి గంటలకొద్దీ ఉంచితే గుర్రం తల వంచి ముక్కులో చేరిన దుమ్మును బయటికి తోసుకోలేదు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. దింపడానికి ర్యాంపు కూడా ఉండదు. రోడ్డు పక్క మట్టి దిబ్బ చూసి బండిని వెనక్కి ఆనిస్తారు, అదీ లేకపోతే దూకిస్తారు.

2025 ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో హైదరాబాద్ నుంచి రోడ్డు మార్గాన జబల్‌పూర్‌కు తరలించిన 57 గుర్రాల్లో, మే నెల సగం గడవకముందే ఎనిమిది చనిపోయాయి. వ్యవహారం మధ్యప్రదేశ్ హైకోర్టుకు చేరింది, తప్పు ఎవరిదో అక్కడ తేలుతుంది. ఆ వార్త చదివిన తర్వాతైనా ఇక్కడి అధికారులు మన బండ్ల వైపు తిరిగి చూడాల్సింది.

గుర్రాల యజమానులు చెప్పేది విన్నాం. సీజన్ కొన్ని నెలలే, ఉలవలు, గడ్డి ధరలు మండిపోతున్నాయి, ప్రత్యేక వాహనం కొనే స్తోమత లేదంటున్నారు. నిజమే కావచ్చు. కానీ వెదురు బొంగుకు, రబ్బరు మ్యాటుకు, నెమ్మదిగా నడపడానికి స్తోమతతో పనేముంది?

బక్రీదు ముందు ఇవే రోడ్ల మీద చెక్‌పోస్టులు పెట్టి పశువుల లారీలను ఆపుతారు. ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు, కాగితాలు, డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతారు. అడగాల్సిందే. అదే నిబంధనల పుస్తకంలో ఉన్న గుర్రం ఎదురుగా వస్తే మాత్రం, శుభకార్యం కదా అని చెయ్యి ఊపి పంపిస్తారు. ఒకరికి చట్టం, ఇంకొకరికి మర్యాద. ఒకసారి వదిలితే అది దయ అనుకోవచ్చు, ప్రతి ముహూర్తానికీ వదిలితే అదే రూలు అయిపోతుంది. ఇప్పుడు అయింది కూడా. అడ్డకర్రలు బిగించి, సరైన బండి పెట్టి, నెమ్మదిగా వచ్చే యజమాని రేటు కాస్త ఎక్కువ చెప్పక తప్పదు, బేరం మాత్రం టాటా ఏస్‌లో కుక్కి తెచ్చేవాడికి పోతుంది. ఇలా వదిలేయడం వల్ల నష్టపోతున్నది నిబంధన పాటించేవాడే. ఇక జరిమానా అంటారా, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో మొదటి తప్పుకు 10 నుంచి 50 రూపాయలు, ఇప్పటికీ అంతే. అందుకే మోటారు వాహనాల నిబంధనల కింద బండిని ఆపడమే అసలు మందు, ఆ అధికారం రవాణా అధికారుల (ఆర్టీఏ) చేతుల్లో ఉంది.

పెళ్లివారికీ ఒక మాట. ఫంక్షన్ హాలు బుక్ చేసేటప్పుడు ఏసీ పనిచేస్తుందా లేదా అని మూడుసార్లు అడుగుతారు, కూరల లిస్టు మీద నెల రోజులు చర్చిస్తారు. మీ అబ్బాయి ఎక్కే గుర్రం ఏ బండిలో వచ్చిందో గేటు దాకా వెళ్లి చూడలేరా? కాళ్లు వణుకుతూ దిగిన గుర్రం మీద, డీజే మోతల మధ్య పెళ్లికొడుకును ఎక్కిస్తున్నారు. అది బెదిరితే పడేది మీ పిల్లాడు, తొక్కిడికి గురయ్యేది ముందు డ్యాన్సు చేస్తున్న చిన్నపిల్లలు.

రవాణా శాఖ, పోలీసులు, పశుసంవర్ధక శాఖ వాళ్లు ఈ సీజన్ అయ్యేలోగా ఒక్క ముహూర్తం రాత్రి కలిసి రోడ్డు మీదికి రండి. బండి నేల మీద మ్యాటు ఎత్తి చూడండి. పెళ్లి బండి అని ఇంకా వదలాలనే అనుకుంటే, ఏ నిబంధన కింద వదులుతున్నారో కాగితం మీద రాసి, సంతకం పెట్టి వదలండి.