‘పదేళ్లకే పెట్టారు’ అనే మెసేజ్‌లో ఉన్నదేమిటి, చట్టంలో ఉన్నదేమిటి

ఏటా నీట్ ఫలితాల రోజుల్లో ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. సారాంశం ఇది: అంబేద్కర్ రిజర్వేషన్లు పదేళ్లకే పెట్టారు, ఓట్ల కోసం నాయకులు పొడిగిస్తూ వచ్చారు, కోటాకి పోగా మిగిలిన సగం ఓసీలది, అందులోకీ వాళ్లే వస్తున్నారు, నలభై మార్కులకే డాక్టర్లవుతున్నారు, ఫీజు కూడా కట్టరు, ఒకసారి బాగుపడ్డ కుటుంబాలే మళ్లీ మళ్లీ తీసుకుంటున్నాయి. చివరి మాటలో కొంత నిజం ఉంది, దాని దగ్గరికి చివర్లో వస్తాను. మిగతావి చదివినవాళ్లు కూడా నమ్మి పంపుతున్నారు, అందుకే వివరంగా రాయాల్సి వస్తోంది.

ముందు పదేళ్ల సంగతి. ఆ గడువు రాజ్యాంగంలో ఉంది, 334వ అధికరణలో. కానీ అది చట్టసభల గురించి: లోక్‌సభ, అసెంబ్లీల్లో ఎస్సీ, ఎస్టీ నియోజకవర్గాలు, ఆంగ్లో ఇండియన్ల నామినేషన్. ఉద్యోగాల రిజర్వేషన్ 16(4)లో ఉంది, 1950 నుంచీ ఉంది, దానికి గడువు లేదు. చదువుల రిజర్వేషన్‌కి ఆధారమైన 15(4) 1951లో మొదటి సవరణతో వచ్చింది, దానికీ లేదు. 1959 నుంచి 2019 దాకా ఏడుసార్లు పొడిగించింది 334ని మాత్రమే. ఇప్పటి గడువు 2030 జనవరి. 2019 సవరణలో ఆంగ్లో ఇండియన్ల నామినేషన్‌ని పొడిగించలేదు, 2020 జనవరితో అది ముగిసిపోయింది.

ఇక అంబేద్కర్ పేరు. 1949 ఆగస్టు 25న రాజ్యాంగ సభలో ఆయన మాట్లాడింది ఈ మెసేజ్‌కి పూర్తిగా వ్యతిరేకం. ఎస్సీలకి ఇంకా ఎక్కువ కాలం ఇస్తే బాగుండేదని, తాను అడగడానికి సిద్ధమేనని, సభ పదేళ్లకి ఒప్పుకుంది కాబట్టి సరేనంటున్నానని చెప్పారు.

‘మిగిలిన సగం ఓసీలది’ అన్న మాట వీటన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తోంది. సీట్లన్నీ కులాలవారీగా పంచే పద్ధతి ఒకప్పుడు ఉండేది. కోస్తా, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 14 సీట్లలో 6 బ్రాహ్మణేతర హిందువులకి, 2 వెనకబడిన హిందువులకి, 2 బ్రాహ్మణులకి, 2 హరిజనులకి, ఒకటి క్రైస్తవులు, ఆంగ్లో ఇండియన్లకి, ఒకటి ముస్లింలకి. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది దీన్నే. ఆ తీర్పు తర్వాతే 15(4) వచ్చింది. ‘ఓసీ కోటా’ అని ఇప్పుడు అడుగుతున్నవాళ్లు తెలియకుండానే ఆ కొట్టేసిన జీవోని అడుగుతున్నారు.

ఓపెన్ అంటే కోటా కాదు. లెక్క వేసి చూడండి. ఒక కేంద్ర సంస్థలో 200 సీట్లు ఉన్నాయనుకుందాం. ఎస్సీ 15 శాతం అంటే 30, ఎస్టీ 7.5 శాతం అంటే 15, ఓబీసీ 27 శాతం అంటే 54, ఈడబ్ల్యూఎస్ (ఏ కోటా లేని కులాల్లోని పేదలు) 10 శాతం అంటే 20. మొత్తం 119. మిగిలిన 81 ఓపెన్. మొదట ఈ 81ని ఉమ్మడి ర్యాంకుల జాబితా పైనుంచి కులం చూడకుండా నింపాలి. అందులో 12 మంది ఓబీసీలు, ముగ్గురు ఎస్సీలు ఉంటే వాళ్లు ఓపెన్ సీట్లలోనే ఉంటారు. ఆ తర్వాతే కిందికి దిగుతూ 54, 30, 15, 20 నింపాలి. కొన్నిచోట్ల ఇది తలకిందులుగా జరుగుతుంది: కోటా సీట్లు ముందు నింపేస్తారు. అప్పుడు ఆ 12 మంది 54లోకి పోతారు, 66 మంది రావాల్సిన ఓబీసీలు 54 దగ్గర ఆగిపోతారు. కనీసం ఇంత అని పెట్టింది ఇంతకు మించకూడదు అన్నట్టు తయారవుతుంది. 2020లో సౌరవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఓపెన్ అంటే ఎవరి కోటా కాదని, మెరిట్ ఉన్న ఏ వర్గంవాళ్లైనా అందులోకి రావచ్చని తేల్చింది.

ఉద్యోగాల్లో ఒక మినహాయింపు ఉంది, సెలెక్షన్ లిస్టులు చూసేవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే. కేంద్ర ఉద్యోగాల్లో వయసు సడలింపు లేదా ఎక్కువ అటెంప్టులు వాడుకున్న అభ్యర్థికి జనరల్ కటాఫ్ కంటే ఎక్కువ మార్కులొచ్చినా అతన్ని సొంత కేటగిరీలోనే లెక్కిస్తారు.

మెడికల్ కౌన్సెలింగ్‌లో ఇంకో మెలిక ఉంది. ఓపెన్‌లో సీటొచ్చిన ఎస్సీ విద్యార్థి అంతకంటే మంచి కాలేజీలో ఎస్సీ సీటుకి మారితే, అతను వదిలిన సీటు ఎవరికి? ఓపెన్‌కి ఇచ్చేస్తే ఎస్సీలకి ఒక సీటు తగ్గినట్టే. ఆ ఖాళీని అదే కేటగిరీతో నింపాలన్నది 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో 550. దీనిమీద ఇక్కడ గొడవలు జరిగింది ఊరికే కాదు.

నలభై మార్కుల మాట పర్సంటైల్ తెలియక పుట్టింది. 40 పర్సంటైల్ అంటే పరీక్ష రాసినవాళ్లలో 40 శాతం కంటే పైన ఉండటం. అది అర్హత గీత మాత్రమే, సీటు వచ్చేది ర్యాంకుని బట్టి. 2023 నీట్‌లో ఆ గీత ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకి 720కి 107, జనరల్‌కి 137. ఆ 137తో ప్రభుత్వ కాలేజీ దరిదాపులకి కూడా పోలేరు. కానీ ఎన్నారై కోటా సీటుకి పోటీపడే అర్హత ఉన్నట్టే, ఎన్నారై బంధుత్వం ఉండి అంత ఫీజు కట్టగలగాలి. ప్రతిభ గురించి బాధపడేవాళ్లు ఆ సీటు గురించి ఎందుకు మాట్లాడరో నాకు నిజంగా అర్థం కాదు. 2023లోనే పీజీ సీట్లు మిగిలిపోతున్నాయని నీట్ పీజీ అర్హతని జనరల్‌తో సహా అన్ని కేటగిరీలకీ సున్నా పర్సంటైల్‌కి దించారు. ఎంబీబీఎస్‌లో చేరాక పాస్ మార్కు మాత్రం అందరికీ ఒకటే.

ఫీజు: ప్రభుత్వం కాలేజీ ఫీజు భరించే రీయింబర్స్‌మెంట్ కులాన్ని మాత్రమే చూసి ఇచ్చేది కాదు, ఆదాయ పరిమితి ఉంది, ఈబీసీలకీ (ఓసీల్లో పేదలకీ) వస్తుంది. ప్రభుత్వం బకాయి పెడితే సర్టిఫికెట్ల కోసం కాలేజీ చుట్టూ తిరిగేది విద్యార్థే.

ఇక నిజమున్న మాట. ఒకే వర్గంలో కొన్ని కులాలకే, కొన్ని కుటుంబాలకే ఎక్కువ అందుతోందన్న ఫిర్యాదు కొత్తది కాదు. ఓబీసీల్లో దానికి క్రీమీలేయర్ ఉంది, అంటే బాగుపడ్డ కుటుంబాలని కోటా నుంచి తప్పించే నిబంధన, 2017 నుంచి ఏడాది ఆదాయ పరిమితి 8 లక్షలు. ఎస్సీల్లో ఆ ఫిర్యాదు చేసింది ఓసీలు కాదు, వర్గీకరణ కోసం, అంటే ఎస్సీ కోటాని కులాల గ్రూపులవారీగా విడగొట్టడం కోసం, మాదిగలు దశాబ్దాల పాటు చేసిన పోరాటం అది. 2004లో చిన్నయ్య కేసులో ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6–1తో ఆ తీర్పుని తోసిపుచ్చింది. 2025లో తెలంగాణ 15 శాతాన్ని 1, 9, 5గా, ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5గా మూడు గ్రూపులకి విడగొట్టాయి. ఇప్పుడు చూడాల్సింది రోస్టర్, అంటే ఉద్యోగాల్లో ఏ పోస్టు ఏ వర్గానికి రావాలో వరుసగా చెప్పే వంద పాయింట్ల పట్టిక. ఒక శాతం అంటే వంద పాయింట్లలో ఒక్కటి. పాత నోటిఫికేషన్ ఆగిన పాయింటు నుంచే కొత్తది మొదలవుతుంది కాబట్టి, ఇరవై పోస్టుల నోటిఫికేషన్‌లో మొదటి గ్రూపు వంతు రావచ్చు, రాకపోవచ్చు. అందుకే నోటిఫికేషన్ పడినప్పుడు రోస్టర్ ఏ పాయింటు దగ్గర ఉందో అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి.