పౌండ్‌కో గిన్నె, అరుపు ఉచితం

లండన్‌లో ఆదివారం పొద్దున టీ కప్పులు గాల్లోకి లేచేవి. ఒకటీ రెండూ కాదు, కప్పులు, సాసర్లు, ప్లేట్లు కలిపి సెట్టు మొత్తం. పింగాణీ అమ్మేవాడు వాటిని మోచేతి దాకా పేర్చుకుని, ఒక్క ఊపున పైకి విసిరి, ఏదీ పగలకుండా పట్టుకునేవాడు. పెటికోట్ లేన్ అనే వీధి సంత గురించి ఈస్ట్ లండన్ పెద్దవాళ్లను కదిలిస్తే తరచూ వినిపించే కథ ఇది. ఆ సెట్టు చివరికి ఎంతకు ఇచ్చాడు, ఇంటికెళ్లాక విప్పి చూస్తే ఎన్ని కప్పులకు బీటలున్నాయి అన్నది మాత్రం ఆ కథలో ఉండదు.

సంత జ్ఞాపకాలు చాలావరకు ఇంతే. ఆట గుర్తుంటుంది, బేరం గుర్తుండదు. ఇంగ్లండ్‌లో పాత వీధి వ్యాపారుల గురించి ఎవరు రాసినా, వాళ్ల పాత ఫొటోలు ఎవరు పెట్టినా ‘రంగురంగుల మనుషులు’ అన్న మాట ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఆ మాటతో నాకు పేచీ ఉంది. వాళ్లు ఆ రంగు సరదాకి పూసుకోలేదు. వాళ్లకు షాపు లేదు, పెట్టుబడి లేదు, చాలాసార్లు నిలబడ్డ చోట నిలబడే హక్కు కూడా లేదు. గొంతు, వేషం, చేతుల ఒడుపు, ఇవే వాళ్ల మూలధనం. పైగా ఇప్పుడు వాళ్లను ముద్దుగా తలుచుకుంటున్న నగరమే, వాళ్లు బతికున్నప్పుడు వాళ్లను అక్కడి నుంచి తరమడానికి చాలా శ్రమపడింది.

పెటికోట్ లేన్ సంగతే తీసుకోండి. వీధి బోర్డు మీద ఆ పేరు ఉండదు. 1830 ప్రాంతంలోనే దాన్ని మిడిల్‌సెక్స్ స్ట్రీట్‌గా మార్చేశారు. ఆడవాళ్లు లోపల కట్టుకునే లంగా పేరు వీధికి ఉండటం మర్యాదస్తులకు ఇబ్బందిగా తోచిందని చెబుతారు. జనం మాత్రం పాత పేరును వదల్లేదు. పాత బట్టలకు పేరుపడ్డ ఈ సందు లండన్‌లో బ్యాంకులన్నీ ఉన్న ‘సిటీ’ అనే ప్రాంతానికి కూతవేటు దూరంలోనే ఉంటుంది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన హ్యూగనో (ప్రొటెస్టెంట్ క్రైస్తవ) నేతగాళ్లు ఒకప్పుడు ఈ చుట్టుపక్కలే స్థిరపడ్డారు. 1880ల నుంచి రష్యా సామ్రాజ్యంలో దాడులు తట్టుకోలేక పారిపోయి వచ్చిన యూదులు వేల సంఖ్యలో చేరారు. శనివారం వాళ్లకు సబ్బాతు, ఆ రోజు పని చేయకూడదు. ఆదివారం క్రైస్తవులకు విశ్రాంతి దినం, మిగతా లండన్ షాపులు మూసే ఉంటాయి. అందుకని ఆదివారం పొద్దున ఆ సందులోకి నగరం నలుమూలల నుంచీ జనం వచ్చిపడేవారు. సంత అంత పెద్దదవడానికి అసలు కారణం ఈ ఒక్కరోజు తేడానే.

అధికారులకు ఇది నచ్చలేదు. 1930ల్లో కూడా గంటలు మోగించుకుంటూ పోలీసు కార్లను, ఫైరింజన్లను ఆ సందులోంచి నడిపించేవారు. ఎక్కడా మంటల్లేవు, జనాన్ని చెదరగొట్టడమే పని. చివరికి 1936లో పార్లమెంటు చట్టంతో ఆ సంతకు రక్షణ దొరికింది. అంటే ఇప్పుడు టూరిస్టు గైడ్లు గర్వంగా చూపించే ఆ వీధి, చట్టం కంటికి సంతగా కనపడటానికే తరాలు పట్టిందన్నమాట. దొంగలు కూడా తక్కువేం కాదు లెండి. సందు ఈ చివర మీ జేబురుమాలు కొట్టేసి ఆ చివర మీకే అమ్ముతారని లండన్‌లో పాత జోకు.

అమ్మే విద్య గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వీధిలో అమ్మేవాడికి మొదటి సమస్య ధర కాదు, నడిచిపోయే మనిషిని ఆపడం. నలుగురు ఆగితే ఐదోవాడు ఏం జరుగుతోందా అని తనంతట తనే ఆగుతాడు. కప్పులు ఎగరేయడం ఆ మొదటి నలుగురి కోసం. జనం గుమిగూడాక ధర దిగడం మొదలవుతుంది. షాపులో పది పౌండ్లు, నేను పది అడగను, ఎనిమిదీ అడగను, ఈ అమ్మగారి మొహం చూసి ఐదూ అడగను. ఒక్కో అంకెకూ చేతులు చరుస్తాడు. జాతరలో దుప్పట్లు అమ్మేవాళ్ల ముందు నిలబడ్డ ఎవరికైనా ఈ లయ తెలిసిందే. ఆఖరి ధర చెప్పీ చెప్పగానే వెనక నుంచి ఒక చెయ్యి లేస్తుంది. ఆ చెయ్యి తరచుగా వాడి మనిషిదే.

ఇందులో మరీ ముదిరిన రకం ఉత్తుత్తి వేలం. ముందు చిన్నాచితకా వస్తువులు కారుచౌకగా ఇచ్చేస్తారు, కొన్నిసార్లు డబ్బు తిరిగి చేతిలో పెడతారు. జనానికి నమ్మకం కుదిరాక, మూటలో ఏముందో చూపించకుండా పెద్ద మొత్తానికి అంటగట్టి మాయమవుతారు. దీని మీద బ్రిటన్ 1961లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. ‘ఆ రోజుల్లో వ్యాపారం ఎంత సరదాగా ఉండేదో’ అని నిట్టూర్చేవాళ్లకు ఈ చట్టం సంగతి గుర్తుచేయాలనిపిస్తుంది. డబ్బు పోగొట్టుకుని ఇంటికెళ్లిన ఫ్యాక్టరీ కూలీ జ్ఞాపకాలు ఎవరూ రాసిపెట్టలేదు.

వేషం విషయానికొస్తే ప్రిన్స్ మోనోలులు ముందు అందరూ దిగదుడుపే. తల మీద నిప్పుకోడి ఈకలు, ఒంటి మీద రంగుల అంగరఖా, నోట్లో ‘నా దగ్గర గుర్రం ఉంది’ అన్న కేక. రేసుల్లో ఏ గుర్రం గెలుస్తుందో కాగితం మీద రాసి కవర్లో పెట్టి అమ్మేవాడు. అబిసీనియాలో (ఇప్పటి ఇథియోపియా) ఒక తెగకు రాజునని చెప్పుకునేవాడు. నిజానికి ఆయన కరీబియన్ దీవి సెయింట్ క్రోయ్‌లో పుట్టిన పీటర్ మెకాయ్. 1920 డెర్బీలో స్పియన్ కాప్ అనే గుర్రం మీద పందెం కాసి 8,000 పౌండ్లు గెలిచాడన్న కథతో దేశమంతా పేరొచ్చింది. రేసులు లేనప్పుడు పెటికోట్ లేన్‌లో కనిపించేవాడు. 1965లో చనిపోయేనాటికి బ్రిటన్‌లో అంతగా జనం గుర్తుపట్టే నల్లవాళ్లు చాలా కొద్దిమంది.

మోనోలులు బొమ్మ చూసి ముచ్చటపడటం తేలిక. ఆ కాలపు లండన్‌లో సూటు వేసుకున్న ఒక నల్లమనిషి వీధిలో నిలబడి సలహా అమ్మితే డబ్బిచ్చి కొనేవాళ్లు ఎంతమంది? రాకుమారుడి వేషం వేస్తేనే మాట వింటారని ఆయనకు తెలుసు. తనను చూసి నవ్వబోయే జనం దగ్గరే ఆ నవ్వుకు ముందుగా టికెట్ వసూలు చేసిన తెలివి అది. నాకు ఆయన మీద గౌరవం కలిగేది ఇక్కడే. ‘విచిత్రమైన మనిషి’ అని ఫొటో కింద రాసేస్తే ఆ తెలివి ఎగిరిపోతుంది.

ఇంకొంచెం వెనక్కి వెళితే తోపుడు బండ్ల మీద పళ్లు, చేపలు, కూరగాయలు అమ్మిన కాస్టర్‌మాంగర్లు. 1851 ప్రాంతంలో లండన్ వీధి బతుకుల మీద పనిచేసిన పాత్రికేయుడు హెన్రీ మేహ్యూ వీళ్ల సంఖ్యను ఆడవాళ్లు, పిల్లలతో కలిపి 30,000గా అంచనా వేశాడు. పోలీసులు వీళ్లను ఒకచోట నిలవనిచ్చేవారు కాదు. అందుకే మాటలు తిరగేసి మాట్లాడుకునే రహస్య భాష ఒకటి పెంచుకున్నారు. మన పిల్లలు అక్షరానికో ‘క’ తగిలించి ‘కను కవ్వు కరా’ అనుకున్నట్టే. ‘పెన్నీ’ని వెనక నుంచి ‘యెనెప్’ అనేవారు. ‘బాయ్’ తిరగబడి ‘యోబ్’ అయింది. ఆ ‘యోబ్’ తర్వాత ఇంగ్లిషులో అల్లరిమూకకు తిట్టుగా స్థిరపడింది. తన భాషలో కుర్రాడని చెప్పుకున్న మాట బయటివాళ్ల నోట్లో పడి రౌడీ అయిపోవడం చూస్తే, ఆ రెండు వర్గాల మధ్య ఏముందో వేరే చెప్పక్కర్లేదు. (లండన్ వ్యాపారులు 500 పౌండ్లను ‘కోతి’ అంటారు. భారత్‌లో పనిచేసిన సైనికులు రూపాయి నోటు మీద కోతి బొమ్మ చూసి తెచ్చిన మాట అని ఒక కథ. అలాంటి నోటు మన దగ్గర ఎప్పుడూ లేదు.)

ఒళ్లంతా ముత్యపు చిప్ప గుండీలు కుట్టిన సూట్లు కూడా ఈ కాస్టర్‌మాంగర్ల దగ్గర పుట్టినవే. కాస్టర్లు ప్యాంటు కుట్టు వెంబడి గుండీల వరస కుట్టుకునేవారు. తమలో ఎవరైనా జబ్బుపడితే చందాలు వేసుకునేవారు. అనాథాశ్రమంలో పెరిగి వీధులు ఊడ్చే పనిలో చేరిన హెన్రీ క్రాఫ్ట్ వాళ్లను చూసి, తన సూటంతా గుండీలతో నింపేసి ఆస్పత్రులకు చందాలు పోగుచేశాడు. 1930లో ఆయన అంత్యక్రియలకు అలాంటి సూట్లలో దాదాపు 400 మంది వచ్చారట. ఇప్పుడు ఆ సూట్లు పోస్టుకార్డుల మీద ఉంటాయి. ఉచిత వైద్యం లేని రోజుల్లో పేదవాళ్లు వేసుకున్న చందా డబ్బా అది అని ఆ కార్డు వెనక రాయరు.

మరి ఈ గొంతులు ఎందుకు ఆగిపోయాయి? టీవీ వచ్చి, జనం మారిపోయి అని చెప్పేవాళ్లున్నారు. నాకు వేరే సమాధానం కనిపిస్తుంది. దెబ్బ బయటి నుంచి కన్నా ఎక్కువగా బండ్ల మధ్య నుంచే వచ్చింది. 1884లో రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన మైకేల్ మార్క్స్, లీడ్స్‌లోని కర్క్‌గేట్ మార్కెట్‌లో ఒక బల్ల పెట్టుకున్నాడు. ఇంగ్లిషు అంతంత మాత్రం. అందుకని ‘ధర అడగొద్దు, అన్నీ పెన్నీయే’ అని బోర్డు తగిలించాడు. అరవలేనివాడు కనిపెట్టిన ఉపాయం, అరుపునే అక్కర్లేకుండా చేసింది. ఆ బల్లే మార్క్స్ అండ్ స్పెన్సర్ అనే పెద్ద షాపుల సంస్థ అయింది. 1919లో సైన్యం నుంచి తిరిగొచ్చిన జాక్ కోహెన్ తూర్పు లండన్‌లోని హాక్నీలో యుద్ధ మిగులు సరుకు అమ్మాడు. మొదటి రోజు 4 పౌండ్ల అమ్మకం, 1 పౌండ్ లాభం. అదే తర్వాత టెస్కో సూపర్‌మార్కెట్లయింది. కుప్పలుగా పేర్చు, చౌకగా అమ్ము అన్నది ఆయన సూత్రం. సంత నేర్పిన పాఠమే అది, అందులోంచి మాటను తీసేశాడు, అంతే. ఇవాళ సెల్ఫ్ చెకవుట్ మెషీన్ ‘సంచిలో అనుకోని వస్తువు ఉంది’ అని విసుక్కునేదాకా వచ్చాం.

లండన్‌లోని కోవెంట్ గార్డెన్‌లో ఈ కథ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కూరగాయలు, పళ్లు, పూల టోకు మార్కెట్ 1974లో అక్కడి నుంచి నైన్ ఎల్మ్స్‌కు తరలిపోయింది. పాత భవనంలో ఇప్పుడు బొటీకులు, కెఫేలు. ముందున్న ఖాళీ స్థలంలో గారడీలు, సర్కస్ ఫీట్లు. కత్తులు గాల్లోకి ఎగురుతాయి, జనం చప్పట్లు కొట్టి టోపీలో నాణేలు వేస్తారు. కప్పులెగరేసిన మనిషి విద్యలో ఆట మాత్రం మిగిలింది, చౌక సరుకు పోయింది. ఆల్డ్‌గేట్‌లో 1919 నుంచి చల్లని జెల్లీలో పాముల్లాంటి ఈల్ చేపల ముక్కలు అమ్మిన టబ్బీ ఐజాక్స్ బండి 2013లో మూతపడితే చాలామంది బాధపడ్డారు. అందులో ఆ ఏడాది ఒక్కసారైనా వెళ్లి తిన్నవాళ్లు ఎంతమందో అనిపిస్తుంది నాకు.

ఇప్పటికీ బతికున్న సంత చూడాలంటే తూర్పుగా అప్టన్ పార్క్ స్టేషన్‌లో దిగాలి. గ్రీన్ స్ట్రీట్ మీద క్వీన్స్ మార్కెట్. ఈస్ట్ హామ్ చుట్టుపక్కల అద్దెకుండే తెలుగు విద్యార్థులకు పరిచయమైన చోటే. నేను అక్కడికి మొదటిసారి వెళ్లింది బెండకాయల కోసం. స్టీలు గిన్నెల్లో టమాటాలు, మిరపకాయలు, మామిడిపళ్లు, ఏ గిన్నె అయినా పౌండ్. మన సంతలో ‘కుప్ప ఇరవై’ అన్నట్టే, తూకం గొడవ లేదు. ఆంటీ, సిస్టర్, బ్రదర్, డార్లింగ్, అన్ని వరసలూ ఒకే గొంతులోంచి వస్తాయి. పిలుపుకు మొదట సిగ్గుపడ్డాను, రెండో వారానికి ఏ గిన్నెలో అడుగున మెత్తబడ్డవి పెడతారో పట్టేశాను.

ఈ మార్కెట్‌ను పడగొట్టి దాని స్థలంలో టవర్ కట్టాలని స్థానిక కౌన్సిల్ చాలాకాలం ప్రయత్నించింది. వ్యాపారులు, కొనేవాళ్లు కలిసి ఏళ్ల తరబడి పోరాడారు. 2009లో లండన్ మేయర్ ఆ ప్రణాళికను ఆపేశారు. వాళ్ల చేతిలో ఉన్న ఆయుధాల్లో ఒకటి 2006లో ఒక పరిశోధన సంస్థ ఇచ్చిన నివేదిక. అదే సరుకులు పక్కనున్న సూపర్‌మార్కెట్‌తో పోలిస్తే ఇక్కడ దాదాపు సగం ధరకే వస్తున్నాయని అది చెప్పింది. గమనించండి, బలంగా నిలిచిన వాదన రంగుది కాదు, ధరది. ‘మా సంత అందంగా ఉంటుంది’ అని వేడుకుని ఉంటే నాలుగు కుడ్యచిత్రాలు వేయించి, పైన ఫ్లాట్లు కట్టేసేవాళ్లు.

2012లో ప్రపంచానికి తెలిసిన ‘పౌండ్ చేప’ మనిషి ఈ మార్కెట్ వాడే. పాకిస్తాన్‌లోని పట్టోకి నుంచి స్టూడెంట్ వీసా మీద వచ్చిన ముహమ్మద్ షాహిద్ నజీర్‌ను చేపల స్టాల్‌లో అరవమన్నారు. అందరిలా అరవడం చేతకాక పాట కట్టి పాడాడు. ఎవరో వీడియో తీశారు, లక్షలమంది చూశారు, రికార్డింగ్ కంపెనీ వచ్చింది, క్రిస్మస్‌కు పాట బ్రిటన్ చార్టులో 29వ స్థానం దాకా వెళ్లింది. అదే డిసెంబర్‌లో వీసా గడువు ముగిసి ఆయన లాహోర్ విమానమెక్కాడు. పాట దేశానికి కావాలి, పాడినవాడికి మాత్రం గడువు ఉంది. ఫైరింజన్ గంటలు లేవు, అంతే తేడా.

స్టూడెంట్ వీసా మీద ఉన్న మన పిల్లలకూ ఆ షరతులే. చదువు నడిచే రోజుల్లో సాధారణంగా వారానికి 20 గంటల పని, సొంత వ్యాపారం పెట్టకూడదు. అంటే స్టాల్ వెనక జీతానికి నిలబడి గొంతు చించుకోవచ్చు, స్టాల్ మాత్రం తనది కాకూడదు. జాక్ కోహెన్‌కు 1919లో ఈ అడ్డు లేదు.

క్వీన్స్ మార్కెట్‌కు శనివారం పొద్దున వెళ్లమని చాలామంది చెబుతారు. నేనైతే సాయంత్రం కట్టేసే వేళ వెళ్లేవాణ్ని. అప్పుడు జనం పలచబడతారు, అరుపులు పెరుగుతాయి, గిన్నె పౌండ్ కాస్తా రెండు గిన్నెలు పౌండ్ అవుతుంది. ఎవరూ వీడియో తీయరు. చక్రాల సంచులు లాక్కుంటూ ముసలివాళ్లు, చంకలో పిల్లతో ఒకరిద్దరు తల్లులు, కాలేజీ బ్యాగు తగిలించుకున్న కుర్రాళ్లు ఆ వేళ కోసమే బయట తచ్చాడుతుంటారు.