పాత స్టిల్ట్ పిల్లర్లకి తీగ చుట్టాలా, జాకెట్ వేయాలా?

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక పాత అపార్ట్‌మెంట్ అనుకోండి. కింద పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు, పిల్లర్లు తొమ్మిది బై పద్దెనిమిది అంగుళాలు. వాటిని గట్టిపరచాలని అసోసియేషన్ వాళ్లు తీర్మానించారు. పని ఒప్పుకున్న కాంట్రాక్టర్ మేనమామ, స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ చదివిన మేనకోడలు అక్కడే తగులుకున్నారు: ఆయన జాకెట్ అంటాడు, ఆమె పైన తీగ చుడదాం అంటుంది.

మామ: నాలుగు వైపులా నాలుగేసి అంగుళాల కాంక్రీట్ జాకెట్, కొత్త కమ్మీలు, దగ్గర దగ్గరగా రింగులు. ఇంతే కదా పని, మధ్యలో నీ వింత తీగ ఎందుకు పాపా?

కోడలు: బరువు పడినప్పుడు కాంక్రీట్ పక్కలకి ఉబ్బుతుంది, దాన్ని పట్టి ఉంచేవి రింగులే మామా. పాత బిల్డింగుల్లో వాటిని దూరం దూరంగా కట్టి, కొనల కొక్కెం 90 డిగ్రీలే వంచి వదిలేశారు. భూకంపానికి బిల్డింగ్ ఊగి, కమ్మీల పైనున్న కాంక్రీట్ పొర, అదే కవర్, రాలిపోతే ఆ కొక్కెం విచ్చుకుంటుంది. అందుకే భూకంపాల కోసం రాసిన మన ఐఎస్ 13920 కోడ్ 135 డిగ్రీలు వంచమంటుంది. నీ జాకెట్ అయినా, కార్బన్ ఫైబర్ చుట్టినా, లోపలి కాంక్రీట్ ఉబ్బడం మొదలయ్యాకే పట్టుకుంటాయి. నా తీగ ముందు నుంచే నొక్కి పెడుతుంది.

మామ: ఎట్ల నొక్కుతుంది, బండి చక్రానికి ఇనప పట్టా కాల్చి తొడిగినట్టా?

కోడలు: దానికి తలకిందులు. పట్టా చల్లారితే బిగుస్తుంది, ఇది వేడి చేస్తే బిగుస్తుంది. నికెల్, టైటానియం కలిసిన తీగని ముందే సాగదీసి, పిల్లర్‌కి చుట్టి కొనలు బిగిస్తాం. వేడి తగిలితే పాత పొడవుకి పోవాలని చూస్తుంది, పోలేదు, ఆ లాగుడంతా కాంక్రీట్ మీద పడుతుంది. మన చిన్నోడి పళ్ల క్లిప్పులో తీగ కూడా ఈ జాతిదే.

మామ: మరి చల్లబడితే వదులైపోదా?

(మామ వేసిన వాటిలో అసలు ప్రశ్న ఇదే.)

కోడలు: మామూలు రకమైతే అవుతుంది. అందుకే నియోబియం అనే లోహం కూడా కలుపుతారు. అలాంటిది ఒకసారి వంద డిగ్రీలు దాటి వేడెక్కిందంటే, సున్నాకి బాగా కిందికి పోతే తప్ప పట్టు సడలదు, తిరుపతిలో ఆ టెన్షన్ లేదు. అమెరికాలో ఇలినాయ్ యూనివర్సిటీ వాళ్లు బాగా దెబ్బతిన్న కాలమ్‌లని ఇట్లాంటి తీగతో ఒక రోజులోపే బాగు చేసి మళ్లీ పరీక్షించారు.

మామ: అవి గుండ్రటివా, పలకవా?

కోడలు: ...గుండ్రటివే.

మామ: అదీ సంగతి! నావి తొమ్మిది బై పద్దెనిమిది. చుట్టిన తీగ మూలల్లో నొక్కుతుంది, పొడుగు వైపు నడుమ ఏం నొక్కుతుంది? పైగా తీగ చుడితే లోపల కొత్త నిలువు కమ్మీ వచ్చిందా? ఉన్న కమ్మీ తుప్పు పట్టి సన్నబడి ఉంటే నీ తీగ పైన అలంకారమే. ఇక టైటానియం రేటు చెబితే అసోసియేషన్ వాళ్లు నన్ను గేటు దాటనియ్యరు.

కోడలు: రేటు నిజమే. స్విట్జర్లాండ్‌లో అయితే ఇనుము, మాంగనీసు, సిలికాన్ కలిపిన చవక రకం పట్టీలు వాడుతున్నారు, 160 డిగ్రీల ప్రాంతంలో వేడి చేస్తే పనిచేస్తాయి. మూలలు చెక్కి గుండ్రం చెయ్యొచ్చు, కానీ పొడుగు పిల్లర్‌కి లాభం తగ్గే మాట ఒప్పుకుంటా. మరి నీ జాకెట్‌తో రెండు పిల్లర్ల మధ్య ఎనిమిది అంగుళాలు పోతే కార్లు ఎక్కడ పెడతారు? ఖర్చని కొన్నిటికే వేశావనుకో, బిరుసెక్కిన ఆ పిల్లర్లే ఊపు ఎక్కువ లాక్కుంటాయి.

మామ: మనకెక్కడి భూకంపం పాపా!

కోడలు: మనది గుజరాత్‌లోని భుజ్ కాదులే. కానీ 2001లో అక్కడ భూమి కంపిస్తే 200 కిలోమీటర్ల పైన ఉన్న అహ్మదాబాద్‌లో ఇట్లాంటి స్టిల్ట్ బిల్డింగులు కూలాయి.

(నా ఓటు సగానికి పైగా మామకే. అయితే పిల్లర్‌లో తక్కువైంది రింగులా, కమ్మీలా అన్నది ఇంతసేపూ ఇద్దరూ చూడనే లేదు.)

మామ: సరే, మూల పిల్లర్‌కి ఒకచోట కవర్ కొట్టి చూద్దాం.

కోడలు: ముందు జాకీలు పెట్టించు. రింగుల దూరం, కమ్మీ మందం, రెండూ కొలవాలి. కమ్మీ బాగుండి రింగులే తక్కువైతే?

మామ: అప్పుడు నీ ఇనప రకానికి కొటేషన్ తెప్పించు. కమ్మీ పోయుంటే మాత్రం నా జాకెట్టే, కార్లు రోడ్డు మీద పెట్టుకోనీ.