అర జానెడు గట్టు తగాదా

మా వైపు అన్నదమ్ముల మధ్య అర జానెడు గట్టు దగ్గర పేచీ వస్తే అది తేలడానికి రెండు తరాలు పడుతుంది. సర్వేయరు రావాలి, గొలుసు లాగాలి, హద్దు రాయి రాత్రికి రాత్రి జరిగిందని ఒకడు, అసలు రాయే లేదని ఇంకొకడు ప్రమాణాలు చెయ్యాలి. ఈలోపు ప్లీడరు గారి మేడ మీద ఇంకో అంతస్తు లేస్తుంది. అలాంటి నేల మీద పుట్టినవాణ్ణి కనుక, 2010 జులై 28న బార్సిలోనాలో జరిగిన యూరోపియన్ ఛాంపియన్‌షిప్స్ పురుషుల వంద మీటర్ల ఫైనల్ గురించి మాట్లాడే అర్హత నాకు పుష్కలంగా ఉందని మనవి.

మొదటివాడితో మనకి పేచీ లేదు. ఫ్రాన్సు కుర్రాడు క్రిస్టోఫ్ లమేత్ర్, ఇరవయ్యేళ్ళవాడు, 10.11 సెకన్లలో గీత దాటేశాడు. అంతకు మూడు వారాల ముందు 9.98 పరుగెత్తితే, పది సెకన్ల లోపు వచ్చిన తొలి తెల్లవాడని పత్రికలన్నీ అతని కాళ్ళు వదిలేసి చర్మం గురించి రాశాయి. సరే, అతను వెళ్ళిపోయాడు. గట్టు అతని వెనకాల ఉంది.

రెండో స్థానం: బ్రిటన్‌కి చెందిన మార్క్ లూయిస్-ఫ్రాన్సిస్, 10.18. మూడో స్థానం: ఫ్రాన్స్‌కి చెందిన మార్షల్ ఎంబాంజోక్, 10.18. నాలుగు: పోర్చుగల్‌కి చెందిన ఫ్రాన్సిస్ ఒబిక్వెలు, 10.18. ఐదు: బ్రిటన్‌కే చెందిన డ్వేన్ చాంబర్స్. అతనిదీ 10.18. గడియారం నలుగురినీ సమానం అంది. ఒకరికి వెండి ఇచ్చారు, ఒకరికి కంచు ఇచ్చారు, మిగిలిన ఇద్దరికీ బహుశా మంచినీళ్ళు ఇచ్చి ఉంటారు.

ఇందులో అన్యాయం లేదు, లెక్క ఉంది. 10.171 నుంచి 10.180 దాకా ఏది వచ్చినా పైకి సవరించి 10.18 అనే బోర్డు మీద వేస్తారు. అంటే గడియారం మర్యాదకి సమానం అంటుంది, మనసులో మాత్రం వెయ్యో వంతులు దాచుకుంటుంది. పెళ్ళిచూపుల్లో 'అబ్బాయి మాకు నచ్చాడండీ, కబురు చేస్తాం' అనడం లాంటిది. ఆ వేగంలో సెకనులో నూరో వంతుకి మనిషి పదకొండు సెంటీమీటర్లు కదులుతాడు. కనుక ఆ నలుగురి మధ్యా ఉన్నది, లెక్క కడితే, మహా అయితే అర జానెడు. నేను మొదట్లో చెప్పిన గట్టే.

ఇక సర్వేయరు. గీతకి ఎదురుగా పెట్టిన ఆ కెమెరా మనలాగా పందెం చూడదు. సన్నటి చీలికలోంచి గీత ఒక్కదాన్నే చూస్తుంది, సెకనుకి వెయ్యిసార్లకి పైగా. అది తీసిన బొమ్మలో మనుషులు సాగదీసిన జీడిపాకంలా ఉంటారు. ఎవరి కాలు ఎవరిదో చెప్పడం కష్టం. చెప్పక్కర్లేదు కూడా, ఎందుకంటే నిబంధన ప్రకారం కాలు లెక్కలోకి రాదు. చెయ్యీ రాదు. తల దూర్చినా లాభం లేదు. (తల దూర్చడం మీదే బతుకుతున్న మన ఊళ్ళ పెద్దమనుషులకి ఇది చేదు వార్త.) మొండెం గీతకి చేరాలి, అంతే. కాళ్ళు పది సెకన్లు గొడ్డు చాకిరీ చేస్తే, వాటి మీద కూర్చుని వచ్చిన ఛాతీకి పతకం. ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి ఈ పద్ధతి కొత్త కాదు.

బయల్దేరే చోట కూడా ఇంత పట్టింపే. స్టార్టరు ట్రాక్ పక్కన నిలబడి ఉత్త పిస్తోలు పేలిస్తే, ఆ చప్పుడు ఒకటో లేన్ నుంచి ఎనిమిదో లేన్‌కి వెళ్ళడానికి సెకనులో నూటికి రెండున్నర వంతులు పడుతుంది. మన తగాదాకి అది రెండున్నర రెట్లు. అందుకని ప్రతివాడి వెనకాలా ఒక స్పీకరు పెడతారు. అది వినిపించాక సెకనులో పదో వంతు కూడా గడవకుండా కదిలినవాణ్ణి 'నువ్వు వినలేదు, ఊహించావు' అని ఇంటికి పంపిస్తారు. ఈ నియమాన్ని పెళ్ళి భోజనాల రెండో బంతికి వర్తింపజేస్తే విస్తరి ముందు ఒక్కడూ మిగలడు.

నా సానుభూతి అంతా నాలుగోవాడి మీద అని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. ఒబిక్వెలు పుట్టింది నైజీరియాలో. 1994లో ప్రపంచ జూనియర్ పోటీలకని లిస్బన్ వచ్చి అక్కడే ఉండిపోయాడు. బతకడానికి భవన నిర్మాణ పనుల్లో కూలికెళ్ళాడు. 2001లో పౌరసత్వం వచ్చింది. 2002 మ్యూనిక్ యూరోపియన్ వంద మీటర్లలో రెండోవాడిగా వచ్చాడు. మొదటివాడు ఎవరనుకున్నారు, ఈ చాంబర్సే. తర్వాత నిషేధిత మందు వాడినట్టు చాంబర్స్ ఒప్పుకోవడంతో ఆ ఫలితం రద్దయి బంగారం ఒబిక్వెలు పేరు మీదకి మారింది. పొలం ఎప్పుడో కొంటే పట్టా ఎప్పటికో చేతికొచ్చినట్టు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 9.86 పరుగెత్తాడు. అమెరికాకి చెందిన జస్టిన్ గాట్లిన్ 9.85. అక్కడా అదే అర జానెడు. ఆ ఏథెన్స్‌లోనే రిలేలో బ్రిటన్ 38.07తో అమెరికాని 38.08కి పరిమితం చేసి బంగారం కొట్టింది. చివరి అంచె పరుగెత్తినవాడు మన వెండి మనిషి లూయిస్-ఫ్రాన్సిస్. చూశారా, గట్టు ఒకటే, కలిసొచ్చేవాడికి కలిసొస్తుంది.

కాబట్టి బార్సిలోనాలో ఒబిక్వెలు తరఫున దావా వెయ్యాలని అప్పట్లో నాకు గట్టిగా అనిపించింది. గొలుసు మళ్ళీ లాగించాలి, కెమెరాని బోనెక్కించాలి, ఛాతీల కొలతలు రికార్డులోకి తీసుకోవాలి. నాకు తెలిసిన ప్లీడరు ఒకాయన కేసు చాలా బలంగా ఉందనీ, ముప్పై ఏళ్ళు తేలిగ్గా నడుస్తుందనీ చెప్పాడు. కానీ కక్షిదారుకి అంత ఓపిక ఉన్నట్టు లేదు.

తర్వాతి ఏడాది మార్చిలో పారిస్‌లో యూరోపియన్ ఇండోర్ పోటీలు పెట్టారు. అరవై మీటర్లు. సొంతగడ్డ మీద లమేత్ర్ 6.58తో మూడోవాడు. చాంబర్స్ 6.54తో రెండోవాడు. ముప్పై రెండేళ్ళ ఒబిక్వెలు 6.53. ఈసారి సర్వేయరుతో పని పడలేదు, బోర్డు మీదే కనిపించింది అర జానెడు.